మాంజా గద్దలకు, ఉడుత పిల్లలకు డాబా మీద గూళ్లు: కొలతలు, సామాను చెప్పండి

కృష్ణలంక_డాబా అడిగారు:

విజయవాడలో మూడంతస్తుల ఇంటి పైన 12 × 24 అడుగుల జాగా ఉంది. డాక్టరుగారు కట్టు కట్టి, మందులు రాసి పంపిన పక్షుల్ని, ఉడుతల్ని కోలుకునేదాకా అక్కడ ఉంచడానికి అటవీ శాఖ రాతపూర్వకంగా ఒప్పుకుంది. కాబట్టి "వన్యప్రాణుల్ని ఇంట్లో పెట్టుకోకూడదు" అనే సలహా అక్కర్లేదు. నేనడిగేది వైద్యం కాదు, వడ్రంగం.

సంక్రాంతి ముందూ వెనకా వచ్చేవి మాంజా కోసుకున్న గద్దలు. ఎండాకాలంలో ఉడుత పిల్లలు, చెట్టు కొట్టేసినప్పుడు పడిపోయిన చుక్కల గుడ్లగూబ పిల్లలు. అప్పుడప్పుడూ అమ్మేవాళ్ల దగ్గర పట్టుబడిన రామచిలకలు.

గద్దలకు జాలీ పంజరం పనికిరాదంటున్నారు, మరి దేంతో కట్టాలి? ఉడుత పిల్లల పెట్టెకి హీటింగ్ ప్యాడ్ తప్పదా? మే నెలలో పడమటెండని ఎలా ఆపాలి? ఊరికే కూర్చుని దిగాలుపడకుండా వాటికి ఏం పని పెట్టాలి, ఇంట్లో చేసిన ఉయ్యాలలు, బొమ్మలు వాడొచ్చా? సామాను ఆటోనగర్ తుక్కు దుకాణాల్లోనో కలప అడితిలోనో దొరికేదైతే మేలు.

రెక్కలగూడు:

ముందు గద్దల సంగతి. బెదిరిన గద్ద ఎగిరి గోడకు వేలాడుతుంది. గోడ జాలీ అయితే గోళ్లు అందులో చిక్కుకుంటాయి, రెక్క చివరి పెద్ద ఈకలు, తోక ఈకలు కన్నాల్లోకి దూరి విరుగుతాయి, ముక్కు మొదట్లో ఉండే పసుపుపచ్చ మెత్తటి భాగం గీరుకుపోతుంది. కోత గాయం కొన్ని వారాల్లో మానుతుంది. ఈక విరిగితే మాత్రం మొదలు చర్మంలోనే ఉండిపోతుంది కాబట్టి, పాతవి రాలి కొత్తవి వచ్చే కాలం దాకా పక్షి మీ దగ్గరే ఉండాలి. అంటే గూడు తప్పయితే నెలలు పోతాయి.

12 × 24 మొత్తాన్నీ ఒకే పంజరం చేసి, వచ్చిన గద్దని వచ్చినట్టు అందులో వదలొద్దు. కట్టుతో ఉన్నదానికి జాగా ఎక్కువైతే పరుగులు పెట్టి కట్టు ఊడదీసుకుంటుంది. మొదటి గూడు చిన్నగా, చీకటిగా ఉండాలి. 12 మి.మీ. ప్లైవుడ్‌తో 75 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు పెట్టె చాలు. ఎదురెదురు గోడలకు, ఒకవైపు కిందా ఇంకోవైపు పైనా, 2 సెం.మీ. గాలి కన్నాలు పదేసి వేయండి. తలుపు కూడా ప్లైవుడ్‌దే. మనిషి కనబడకపోవడమే దానికి సగం మందు. నేల మీద రబ్బరు పట్టా, దానిపైన న్యూస్‌పేపరు, రోజూ మార్చాలి. వరిగడ్డి, కొబ్బరి పొట్టు వేయకండి. తడి తగిలితే బూజు పడుతుంది, ఆ బూజు వేటపక్షుల ఊపిరితిత్తుల్లోకి పోతే దించడం కష్టం.

కూర్చునే కొమ్మ నేలకు 25–30 సెం.మీ. ఎత్తులో, వెనక గోడకు కనీసం 30 సెం.మీ. దూరంలో ఉండాలి, లేకపోతే తోక గోడకు రాసుకుంటుంది. లావు 3 నుంచి 4.5 సెం.మీ. వేళ్లు కొమ్మని సగానికి పైగా చుట్టాలి కానీ ముందు గోళ్లూ వెనక గోరూ ఒకదాన్నొకటి తాకకూడదు. నున్నటి పైపు గానీ పలక చెక్క గానీ ఒక్కటే పెడితే బరువంతా అరికాల్లో ఒకేచోట పడి పుండవుతుంది. ఒక కాలికి దెబ్బ తగిలినదైతే రెండో కాలికి ఇది ఇంకా తొందరగా వస్తుంది. అందుకే కొమ్మకి కృత్రిమ గడ్డి పట్టా చుట్టండి. పోచ సెంటీమీటరుకు మించనిది చూసుకోండి. అంచులు కిందివైపుకి తిప్పి, వాషర్లు వేసి స్క్రూలు బిగించాలి. మేకులొద్దు, తుప్పు పట్టి పైకి లేస్తాయి. అరికాలి పొలుసుల గరుకు పోయి గులాబి రంగులో నున్నగా మెరుస్తుంటే అదే మొదటి గుర్తు, ఆ రోజే కొమ్మ మార్చాలి.

తోకకి తొడుగు వేయాలి. పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కని తోక వెడల్పుకి రెండింతలు కోసి, మధ్యకి మడిచి, మూసిన తోకని లోపల పెట్టి, అంచుల్ని పేపరు ప్లాస్టరుతో మూసేయడమే. జిగురు తోక పెద్ద ఈకలకు అంటకుండా పైన నాలుగు చిన్న ఈకల దగ్గర మాత్రమే అతికించండి. మలద్వారానికి రెండు వేళ్లు కిందనుంచి మొదలుపెట్టాలి, మరీ పైకి పోతే రెట్టంతా లోపల చేరి ఈకలు కుళ్లుతాయి. ఫిల్మ్ అంచులు గుండ్రంగా కత్తిరించడం మర్చిపోకండి.

కట్టు విప్పాక ఎగిరే పంజరం. మీ జాగాకి 10 × 20 అడుగులు, 9 అడుగుల ఎత్తు వస్తుంది. గోడలకు నిలువు కడ్డీలు: ముప్పావు అంగుళం కరెంటు పైపులు 4 సెం.మీ. సందుతో. నిలువువైతే పట్టుకుని ఎక్కడానికి ఆధారం ఉండదు, జారి కిందికొస్తుంది, ఈక విరగదు. రెండు చివర్లా రెండు కొమ్మలు ఎదురెదురుగా పెడితేనే అటూ ఇటూ ఎగురుతుంది. మధ్యలో పెట్టారంటే అక్కడే కూర్చుండిపోతుంది. ఒక సంగతి ముందే చెప్తున్నా: 20 అడుగుల్లో రెక్క సరిగా తెరుచుకుంటోందా, రెండువైపులా సమంగా ఆడుతోందా అన్నది తెలుస్తుంది, దమ్ము తెలియదు. వదిలే ముందు ఇంకా పొడవైన పంజరంలో చూడమని డాక్టరుగారిని, అటవీ శాఖని అడగండి.

పని గురించి. బొమ్మలక్కర్లేదు, తిండినే పనిగా మార్చండి. బరువైన తుమ్మ మొద్దుకి 4 సెం.మీ. వెడల్పు, 6 సెం.మీ. లోతు కన్నాలు మూడు వేసి మాంసాన్ని బిగుతుగా కుక్కండి. కాలితో తొక్కిపట్టి ముక్కుతో లాగాలి, మెడకూ కాళ్లకూ కసరత్తు. దారంతో కట్టి వేలాడదీయడం మాత్రం ఎప్పుడూ వద్దు. దారం కోసుకుని వచ్చిన పక్షికి మళ్లీ దారమా! బోన్‌లెస్ చికెన్ ఒక్కటే పెడితే కాల్షియం అందదు, ఎదిగే పిల్లల్లో ఎముకలు వంగిపోతాయి. హ్యాచరీల్లో తీసేసే ఒకరోజు వయసు మగ కోడిపిల్లలు మొత్తంగా పెట్టొచ్చు. జీర్ణం కాని ఈకల్ని తర్వాత ఉండలా చుట్టి కక్కుతుంది, అది మామూలే. ఇళ్లలో పట్టిన ఎలుకల్ని తేవొద్దు, అవి మందు తిన్నవైతే గద్దా పోతుంది.

కలప_అడితి:

పై కొలతలన్నీ సరే, పైపుల దగ్గరే పేచీ. పల్చటి కరెంటు పైపు బెజవాడ మే ఎండకి మెత్తబడి వంగుతుంది. పడమటి వైపు 4 సెం.మీ. సందు కాస్తా 7 అవుతుంది, తల దూరుతుంది. పైపులే కావాలంటే ప్రతి మూడడుగులకీ బయటివైపు అడ్డపట్టీ వేయాలి. నా ఓటు వెదురుకి. రెండున్నర, మూడు సెం.మీ. లావు కర్రలు, మూడు వారాలు నీళ్లలో నానబెట్టినవి. నానితే లోపలి పిండి పదార్థం పోయి పుచ్చు పురుగు తగ్గుతుంది. పచ్చివి తెచ్చి కట్టేస్తే కొన్ని నెలలకే పసుపు పొడి రాలుతుంది. కణుపుల దగ్గర ఉప్పుకాగితం పట్టించి నున్నగా చేయండి. కట్టుతీగ ముడులన్నీ బయటికే తిరగాలి.

వెదురు సందుల్లోంచి ఎలుక వస్తుంది, పిల్లి చెయ్యి పెడుతుంది. కాబట్టి బయట ఇంకో పొర: అర అంగుళం వెల్డ్ జాలీ, వెదురుకి 10 సెం.మీ. దూరంగా. గద్ద గోళ్లకి అందదు, పిల్లి పంజాకి గద్ద అందదు. పైకప్పుకీ ఇదే వరస.

ఫ్రేముకి 40 × 40 × 5 మి.మీ. ఇనుప యాంగిల్ చాలు. పొడుగు వైపు ఐదడుగులకొక స్తంభం, పొట్టి వైపుల మధ్యలో ఒక్కోటి, మొత్తం 12. స్లాబుకి డ్రిల్లు పెట్టకండి, వానాకాలం కింది ఇంటివాళ్లతో గొడవ. 20 లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాల్లో స్తంభం నిలబెట్టి కాంక్రీటు పోస్తే ఒక్కోటి దగ్గరదగ్గర 48 కిలోలు. తుపానుకి ఇది కూడా చాలదు. పై అంతస్తు కోసం వదిలేసిన కాలమ్ చువ్వలు మన డాబాల మీద ఎలాగూ ఉంటాయి, నాలుగు మూలలా ఫ్రేముని వాటికి కట్టేయండి. వాయుగుండం వార్త వినగానే నీడ వల విప్పేయాలి, అది తెరచాపలా గాలి పట్టి ఫ్రేముని లేపేస్తుంది.

తలుపు రెండుండాలి, మధ్య మూడడుగుల గది. ఒకటి మూసాకే రెండోది తెరవాలి. తలుపు ఎత్తు ఐదడుగులు మించొద్దు. బెదిరిన పక్షి పైకి పోతుంది, తలుపు కిందుంటే తల మీదుగా తప్పించుకోలేదు. మనం వంగి వెళ్లడం పెద్ద కష్టమేం కాదు.

కృష్ణలంక_డాబా:

డబ్బాల ఐడియా బాగుందండీ. ఒక సందేహం: నీడకి వాడే ఆకుపచ్చ వలని లోపల గోడలా బిగించి కడితే మెత్తగా ఉంటుంది కదా, వెదురు ఖర్చు తప్పుతుందేమో? ఉడుతల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

గుంటూరు_పశువైద్యం:

వల లోపల వద్దే వద్దు. ఆ నేత దారాల్లో గోరు చిక్కుకుంటే పక్షి తలకిందులుగా వేలాడి గింజుకుంటుంది, కాలు బెణుకుతుంది, ఎవరూ చూడకపోతే ఆ ఎండకే పోతుంది. వల ఎప్పుడూ జాలీకి బయటే, ఒక అడుగు ఎడంగా. 75 శాతం నీడ ఇచ్చేది తీసుకోండి.

పడమటి వైపు వలకి తోడు తడి గోనె పట్టాలు కట్టొచ్చు, అదీ బయటే. ఏప్రిల్, మే వడగాలికి బాగా పనిచేస్తుంది. జూలై తర్వాత మన గాలిలోనే తేమ ఉంటుంది, గోనె ఆరదు, చల్లబడదు, బూజొక్కటే మిగులుతుంది. అప్పుడు తీసేయండి. రేకు కప్పు ఒక్కటే వేస్తే లోపల పొయ్యే. కింద ప్లైవుడ్, 15 సెం.మీ. ఖాళీ, పైన రేకు, రేకు మీద సున్నం రెండు పూతలు. ఆ ఖాళీ రెండు చివర్లా తెరిచి ఉంటేనే వేడి బయటికి పోతుంది. చాలామంది పిచ్చుకలు దూరతాయని మూసేస్తారు, దాంతో రెండు కప్పులు వేసిన ఫలితం పోతుంది. జాలీ కొట్టండి చాలు. తాటాకు చల్లగానే ఉంటుంది కానీ దీపావళి రాకెట్టుకి డాబా మీద తాటాకు కంటే మంచి చోటు దొరకదు. పెట్టెల్ని స్లాబు మీద నేరుగా పెట్టకండి, రాత్రి పదింటికి కూడా స్లాబు వేడి కక్కుతుంది. 45 సెం.మీ. స్టాండు మీద ఉండాలి. థర్మామీటరు గోడ మీద కాదు, జంతువు కూర్చునే ఎత్తులో పెట్టండి.

ఇక ఉడుతలు. హీటింగ్ ప్యాడ్ తప్పదని రాసేవన్నీ చలిదేశాల లెక్కలు. వెంట్రుకలు రాని పిల్లకి కావలసింది 32–34 డిగ్రీలు, వెంట్రుకలొచ్చాక 28–30, కళ్లు తెరిచి తిరుగుతుంటే గది వేడే చాలు. మే నెలలో మన గదే 36 దాటుతుంది. ఆ రోజుల్లో ప్యాడ్ పెడితే కాపాడినట్టు కాదు, ఉడికించినట్టు. కాళ్లు నాలుగూ చాపి, బోర్లా పరుచుకుని, నోరు తెరిచి ఉంటే వేడి ఎక్కువైందని. ఒకదాన్లో ఒకటి దూరి ఉండచుట్టుకుంటే చలి. డిసెంబరు, జనవరి రాత్రులకు మాత్రం వేడి కావాలి. అప్పుడు కూడా ప్యాడ్ పెట్టె అడుగున, బయట, సగం మేరకే. రెండో సగం చల్లగా ఉంటే పిల్ల తనకి కావలసిన చోటికి పాకుతుంది. కరెంటు పోయే చోటయితే అరలీటరు సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి పెట్టండి. చల్లారిన సీసా పిల్ల ఒంట్లో వేడినే లాగేస్తుంది, మార్చడం కుదరకపోతే తీసేయండి.

పెట్టెలో పరిచే గుడ్డ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. టర్కీ తువ్వాలు వద్దు, దాని ఉంగరాల్లో గోరు ఇరుక్కుని పిల్ల లాక్కుంటే వేలు వాస్తుంది. దూది, విడి కొబ్బరి పీచు వద్దు, పోగు కాలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆగి పాదం నల్లబడుతుంది. పాత బనీను గుడ్డ, అంచులు కత్తిరించి కుట్టు దారాలన్నీ తీసేసినది, లేదా దారం లేవని ఫ్లీసు గుడ్డ వాడండి. పెట్టె కాళ్లు నాలుగూ నీళ్ల గిన్నెల్లో పెట్టి, నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేయండి. ఎర్రచీమలు ఒక్క రాత్రిలో పిల్లల కళ్లు తినేస్తాయి. కిరసనాయిలు పోయొద్దు, ఆ వాసన మూసిన పెట్టెలో చేరుతుంది. స్టాండు గోడకు తగిలినా, పైనుంచి ఒక్క వైరు వేలాడినా గిన్నెలు ఉండీ లేనట్టే.

పెద్దయ్యాక 3 అడుగుల పొడవు, 2 వెడల్పు, 5 ఎత్తు పంజరం, అర అంగుళం జాలీ. అంగుళం జాలీలోంచి పిల్ల ఉడుత దూరిపోతుంది. లోపల 15 × 15 × 20 సెం.మీ. గూళ్లు రెండు, ఒక్కోదానికి 4 సెం.మీ. కన్నం, పై మూడోవంతులో కట్టండి. రెండెందుకంటే ఒకటి తడిసినా, చీమలు పట్టినా ఇంకోదానికి మారుతుంది. బెరడు ఊడని చింత, వేప కొమ్మలు ఏటవాలుగా, వారానికొకసారి మార్చండి. పాత కొమ్మ ఎన్నాళ్లుంచినా దానికి కొత్త పనేం ఉండదు. ఇప్పుడైతే పీచు ఇవ్వొచ్చు, అదీ మూడంగుళాలకు మించని ముక్కలుగా, గూడు అదే పరుచుకుంటుంది. కొబ్బరి చిప్పకి చిన్న కన్నం వేసి లోపల గింజలు పోస్తే గంటసేపు ఆడుతుంది. వేరుశెనగ పచ్చివి, ముడతపడ్డవి వద్దు, వాటి బూజు విషం కాలేయానికి చేటు. ఒక చిన్న సముద్రపు నురుగు (కటిల్‌ఫిష్ ఎముక) ముక్క ఎప్పుడూ ఉండాలి, పళ్లకీ కాల్షియానికీ.

వదిలేటప్పుడు పంజరం చిన్న కిటికీ తెరిచి వదిలేయండి. గూడూ, కాస్త తిండీ రెండు వారాలు అక్కడే ఉంచాలి. రాత్రి పడుకోవడానికి వస్తుంది, తర్వాత తనే మానేస్తుంది.

మిర్చి_యార్డు:

చిలకల మాట ఎవరూ ఎత్తలేదు. కొత్త జాలీ అలాగే బిగించకండి. పూత మీద జింకు చుక్కలు బొబ్బల్లా గడ్డకట్టి ఉంటాయి, చిలక వాటిని కొరికి మింగితే ఒంట్లో విషమెక్కుతుంది. వెనిగరుతో తడిపి ఇనుప బ్రష్షుతో రుద్ది, కడిగి, ఎండబెట్టాక వాడాలి. ఉయ్యాలకి నూలు తాడు గానీ జనపనార తాడు గానీ వద్దు. కొరికిన పోగులు గొంతు సంచిలో ముద్దకడతాయి. కావాలంటే స్టీలు గొలుసుకి జామ కొమ్మ వేలాడదీయండి.

అమ్మేవాళ్లు చాలావాటికి రెక్కలు కత్తిరిస్తారు, కాబట్టి ఈకలొచ్చేదాకా ఎక్కడానికి పని కావాలి. జామ, చింత, మునగ కొమ్మలు ఆకులతో సహా అడ్డదిడ్డంగా పెట్టండి, లావులు వేరువేరుగా ఉండాలి. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా వద్దు, అది విషం. జిల్లేడూ అంతే. జొన్న, సజ్జ కంకులు గింజ ఒలవకుండా పైన గుచ్చండి, కిందికి వేలాడి తినాలి. గింజ గిన్నెలో పోస్తే పది నిమిషాల్లో భోజనం అయిపోతుంది, మిగతా రోజంతా ఈకలు పీక్కుంటుంది.

మా ఊరి సరుకూ పనికొస్తుంది. పచ్చిమిరపకాయ, పండుమిరప నిరభ్యంతరంగా పెట్టండి, పక్షులకు ఆ ఘాటు తెలియదు. వాటి నరాల్లో ఆ మంటని పట్టే భాగం మనకున్నట్టు పనిచేయదు. యార్డు ఎండుమిర్చి మాత్రం వద్దు, బూజుంటే కనబడదు. పొలంలో కొట్టిన మందు పోవాలంటే పచ్చికాయనైనా బాగా కడగండి. ఇదే కాయ ఉడుతకి పెట్టకండి, దానికి మనలాగే మండుతుంది.

కృష్ణలంక_డాబా:

ఇంకా రెండు మిగిలాయి: గుడ్లగూబ పిల్లల పెట్టె, గూళ్లు కడగడం. ఫినాయిల్ వాడొచ్చా?

రెక్కలగూడు:

ఫినాయిల్ వద్దు. ముందు రెట్ట గీకి సబ్బునీళ్లతో కడగండి, మురికి ఉండగా ఏ మందూ పనిచేయదు. తర్వాత ఇంట్లో వాడే బ్లీచు ఒక భాగానికి ముప్పై భాగాల నీళ్లు, పది నిమిషాలు ఉంచి, మళ్లీ కడిగి ఎండలో ఆరబెట్టాలి. యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ ఎప్పుడూ కలపొద్దు, యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది. కడిగేటప్పుడు పక్షి లోపల ఉండకూడదు.

గుడ్లగూబ పిల్ల దెబ్బ లేకుండా ఉంటే మీ డాబా మీదికి తేవడమే దండగ. పడ్డ చెట్టు పక్కనే ఇంకో చెట్టుకి పెట్టె కట్టి అందులో వదిలితే తల్లిదండ్రులు దాని అరుపు విని వచ్చి మేపుతాయి. సాయంత్రం చీకటిపడే వేళ దూరం నుంచి చూడండి. ఆ రాత్రి అవి రాకపోతే అప్పుడు తేవాలి.

కలప_అడితి:

ఆ పెట్టె కొలతలు నేనిస్తా. 12 మి.మీ. ప్లైవుడ్, వాటర్‌ప్రూఫ్ రకం. ముందు పలక 22.4 × 40 సెం.మీ., వెనక 22.4 × 45, పక్కలు రెండు 20 వెడల్పుతో వెనక 45 నుంచి ముందు 40కి వాలుగా, అడుగు 20 × 20, కప్పు 32 × 30. ముందు పక్కకి 7 సెం.మీ. చూరు వచ్చేలా బిగిస్తే వాన లోపలికి కొట్టదు. 8 × 4 షీటుకి నాలుగు పెట్టెలు తేలిగ్గా వస్తాయి. కన్నం 8 సెం.మీ., దాని కింది అంచు అడుగుకి 22 సెం.మీ. ఎత్తులో. ముందు పలకకి లోపలివైపు రంపంతో సెంటీమీటరుకొక గాటు పెట్టండి, నున్నటి ప్లైవుడ్ ఎక్కలేక పిల్లలు లోపలే ఉండిపోతాయి. అడుగున 6 మి.మీ. కన్నాలు ఐదు, వాటిపైన 5 సెం.మీ. మందాన చెక్క పేళ్లు. రంపపు పొట్టు వద్దు, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. లోపల రంగు వేయకండి. కన్నం తూర్పుకో ఉత్తరానికో, పడమటికి మాత్రం కాదు.

చెట్టుకి మేకు కొట్టే బదులు పాత సైకిలు ట్యూబులో జీఐ తీగ దూర్చి రెండు చోట్ల చుట్టండి. నాలుగు మీటర్ల పైన ఉంటే పిల్లుల బెడద తగ్గుతుంది. ఏడాదికొకసారి కాస్త వదులు చేయాలి, చెట్టు లావెక్కి తీగ బెరడులోకి దిగిపోతుంది.